లోపలి పరీక్ష అనగానే ఒళ్లంతా బిగుసుకుపోతోంది: దాంపత్యంలోని బాధను డాక్టరుకు ముందే ఎలా చెప్పాలి?

ప్రశ్న: మల్కాజ్‌గిరి టీచర్

అందరికీ నమస్కారం. నా వయసు 31. పెళ్లయి మూడేళ్లు దాటింది. మల్కాజ్‌గిరిలో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. పిల్లలు కలగడం లేదని అత్తగారు పోరుతుంటే, మూడు వారాల క్రితం మెట్టుగూడలో మెట్రో ఎక్కి మాదాపూర్ వైపు ఉన్న ఒక సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్లాము. నాకు రక్తపరీక్షలు, మా వారికి వీర్య పరీక్ష రాసిన తరువాత, నన్ను ఒక్కదాన్నే పక్క గదిలోకి పిలిచి, మూత్రం పోసి రమ్మని, ఇంటర్నల్ స్కాన్ చేస్తామన్నారు. అంతవరకు కడుపు మీద చేసే స్కాన్ తప్ప నాకు మరొకటి తెలియదు.

ఆ గదిలో జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే ఇంట్లో ఎవరికీ చెప్పలేకపోయాను. లోపల పెట్టి స్కాన్ చేసే కర్రలాంటి ప్రోబుకు సిస్టరు కండోము తొడిగి జెల్లీ రాస్తుంటే పడుకుని చూశాను. ఆ క్షణం నుంచే నా మోకాళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీయాలని నేనే అనుకుంటున్నాను, అవి మాత్రం కదలడం లేదు. ‘లూజుగా వదలమ్మా’ అని రెండుసార్లు అన్నారు. మూడోసారి ‘పెళ్లయిన దానివే కదా, దీనికే ఇంత భయమైతే రేపు కాన్పు ఎలా?’ అన్నారు. ఇంతలో తలుపు తీసుకుని ఆయా ఇంకెవరిదో ఫైలు పట్టుకొచ్చింది. ప్రోబు తగలగానే కత్తితో కోసినట్టు నొప్పి వచ్చి, నాకు తెలియకుండానే అరిచి, పైకి జరిగిపోయాను. స్కాన్ ఆపేశారు. తిరుగు ప్రయాణంలో ఫైలు తెరిచి చూస్తే ‘పేషెంట్ నాట్ కోఆపరేటివ్’ అని రాసి ఉంది. బడిలో ఏ పిల్లవాడి డైరీలోనూ నేను అలాంటి మాట రాయలేదు.

అసలు విషయం ఇది. ఈ మూడేళ్లలో మా మధ్య పూర్తి కలయిక ఒక్కసారి కూడా జరగలేదు. ప్రయత్నించిన ప్రతిసారీ అదే బిగుతు, అదే మంట. మా వారు మంచివారు, ఎప్పుడూ బలవంతపెట్టలేదు. ఏడాదిగా ప్రయత్నించడమే మానేశాము. ఆ కేంద్రంలో ‘ఎన్నాళ్లుగా ప్రయత్నిస్తున్నారు?’ అని అడిగినప్పుడు అత్తగారు పక్కనే ఉన్నారు గనుక మూడేళ్లని చెప్పాను. ‘కలయిక జరుగుతోందా? నొప్పి ఉందా?’ అని ఎవరూ అడగలేదు. రెండేళ్ల క్రితం మా నాన్నగారు పోయిన తరువాత గుండె దడ, ఊపిరి ఆడకపోవడం మొదలైతే సికింద్రాబాద్‌లో మానసిక వైద్యులకు చూపించుకున్నాను. ఇప్పటికీ రోజుకు ఒక మాత్ర వేసుకుంటున్నాను. అదీ అక్కడ చెప్పలేదు.

ఇప్పుడు వచ్చే నెల నెలసరి తరువాత ‘ట్యూబ్ టెస్ట్’ చేయించుకోమన్నారు. ఆ మాట తలచుకుంటేనే అరచేతులు చెమటలు పడుతున్నాయి. నా దాంపత్యంలోని ఇబ్బందికీ, ఆందోళనకూ, ఆ బల్ల మీద జరిగినదానికీ సంబంధం ఉందా? ఉంటే డాక్టరుకు ఏమని చెప్పాలి? మత్తు ఇచ్చి చేయమని అడగవచ్చా? దయచేసి తెలిసినవారు చెప్పండి.

జవాబు: విశ్రాంత ప్రసూతి వైద్యురాలు, మలక్‌పేట

అమ్మా, మీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను, ఉదయం మళ్లీ చదివి జవాబు రాస్తున్నాను. పాతబస్తీ వైపు ప్రభుత్వ ప్రసూతి విభాగాలలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. ఉదయం ఓపీలో వందమంది ఉండేవారు. మీకు చెప్పిన ఆ ‘లూజుగా వదలమ్మా’ అన్న మాట నేనూ లెక్కలేనన్ని సార్లు అన్నాను. ఆ మాట వల్ల కండరం వదులైన స్త్రీ ఒక్కరు కూడా నాకు గుర్తు లేరు. అందుకే మీకు వివరంగా చెప్పాలనిపించింది.

యోని ద్వారం చుట్టూ, కటి అడుగున, కండరాలు ఊయలలా అల్లుకుని ఉంటాయి. మూత్రాన్ని, మలాన్ని ఆపేవీ, గర్భాశయాన్ని మోసేవీ అవే. కంటి మీదికి ఏదైనా వస్తే రెప్ప ఎలా దానంతట అది మూసుకుంటుందో, నొప్పి రాబోతోందని మెదడు అనుకున్న మరుక్షణం ఈ కండరాలు అలాగే బిగుసుకుంటాయి. బిగిసిన కండరాన్ని ప్రోబుతో గానీ, యోనిని తెరిచి చూసే స్పెక్యులం అనే పరికరంతో గానీ తోస్తే నిజంగానే నొప్పి పుడుతుంది, ఆ నొప్పి తరువాతి సారి భయాన్ని రెట్టింపు చేస్తుంది. ఇందులో మీ మొండితనం ఏమీ లేదు, నటన అంతకన్నా లేదు. పడకగదిలో బిగుసుకున్న కండరమూ, స్కాన్ గదిలో బిగుసుకున్న కండరమూ ఒకటే. దీనిని మేము వెజైనిస్మస్ అంటాము. 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 అనే మానసిక రుగ్మతల వర్గీకరణలో దీనినీ, కలయికలో వచ్చే నొప్పినీ కలిపి ఒకే సమస్యగా చేర్చారు. నొప్పినీ భయాన్నీ బిగుతునూ విడదీసి చూడటం ఆచరణలో సాధ్యం కాదన్నది అందుకు ముఖ్య కారణం.

అయితే ఒక హెచ్చరిక. ‘అంతా మనసులోనే ఉంది’ అని ఎవరైనా తేల్చేస్తే నమ్మకండి. కన్నెపొర గట్టిగా ఉండటం, అడ్డుగా ఒక పొర ఉండటం, యోని ద్వారం దగ్గర చర్మవ్యాధి, పదేపదే వచ్చే ఫంగస్ ఇన్ఫెక్షన్, గర్భాశయపు లోపొరలాంటి కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్, ద్వారం వద్ద నరాలు అతిగా స్పందించడం వంటి శారీరక కారణాలు కూడా ఉండవచ్చు. వీటిలో చాలావాటిని, లోపలికి ఏమీ పెట్టకుండానే, మంచి వెలుతురులో పైపైన చూసి, దూదిపుల్లతో మెల్లగా తాకి గుర్తించవచ్చు. మొదటి పరీక్ష అంతవరకే చాలు. మిగతాది మరో రోజు చేయమని అడిగే అధికారం మీకు ఉంది.

ఇక ట్యూబ్ టెస్ట్ సంగతి. గర్భాశయంలోకి సన్నని గొట్టం ద్వారా మందు ఎక్కించి, ఎక్స్‌రే తీసి, నాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే పరీక్ష అది. నెలసరి ఆగిన తరువాత, అండం విడుదల కాకముందు చేస్తారు. ఇందులో స్పెక్యులం తప్పదు, మందు ఎక్కేటప్పుడు నెలసరి నొప్పిలాంటి నొప్పి రావడం మామూలే. మీరు తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. నాళం గర్భాశయంలో కలిసే చోట కండరం పట్టేస్తే, నాళం బాగానే ఉన్నా మూసుకుపోయినట్టు ఎక్స్‌రేలో కనబడుతుంది. అంటే భయంతో, నొప్పితో బిగుసుకున్న స్థితిలో చేస్తే ఫలితమే తప్పుగా వచ్చే అవకాశం ఉంది.

ఇవన్నీ ఒక ఎత్తు, అసలు ప్రశ్న మరో ఎత్తు. మీకు ఇప్పుడు ఆ పరీక్ష ఎందుకు? కలయికే జరగనప్పుడు గర్భం రాకపోవడానికి నాళాలను అనుమానించడం, కరెంటు కనెక్షన్ ఇవ్వకుండా బల్బు మార్చడం లాంటిది. అడగవలసిన ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల మీ మీదికి ఇన్ని పరీక్షలు వచ్చాయి. మీరు నిజం చెబితే చికిత్స దారే మారుతుంది. కటి కండరాల ఫిజియోథెరపీ, మీ చేతులతో మీరే ఇంట్లో చిన్న పరిమాణం నుంచి మొదలుపెట్టి వాడే డైలేటర్లు అనే నున్నని గొట్టాలు, ఆలోచనా విధానం మీద పనిచేసే కౌన్సెలింగ్ కలిపి చేస్తే చాలామందిలో మంచి ఫలితం ఉంటుంది. వాటికి లొంగని కొందరికి కండరంలో దానిని వదులు చేసే బొటులినం ఇంజెక్షన్ ఇస్తారు. ఈలోగా బిడ్డ కావాలనుకుంటే, వీర్యాన్ని సూది లేని సిరంజితో యోనిలోకి చేర్చుకునే పద్ధతిని వైద్యుల సలహాతో ఇంట్లోనే పాటించిన దంపతులూ ఉన్నారు. అయితే ఈ సమస్యను అలాగే వదిలేసి నేరుగా ఐవీఎఫ్‌కు వెళ్లడం నాకు నచ్చదు. అందులో దాదాపు ప్రతి దశలోనూ లోపలి స్కానే ఉంటుంది, తరువాత కాన్పు గదిలో వేళ్లతో లోపల చూసే పీవీ పరీక్షలూ ఉంటాయి.

అండాశయాలను ఇప్పటికి కడుపు మీది స్కాన్‌తో, మూత్రాశయం నిండా నీళ్లు తాగి చూడవచ్చు. చిత్రం అంత స్పష్టంగా రాదు, కాని చాలా విషయాలు తెలుస్తాయి. అండాల నిల్వకు ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష ఉంది. లోపలి పరీక్ష తప్పనిసరి అయిన రోజున సన్నని స్పెక్యులం వాడమనండి, దానిని గోరువెచ్చని నీటిలో ఉంచమనండి. పాదాలను స్టాండ్ల మీద కాకుండా బల్ల మీదే ఆనించుకుంటానని చెప్పండి. చేయి ఎత్తితే వెంటనే ఆపాలని ముందే ఒప్పందం చేసుకోండి.

మత్తు అడగవచ్చు. అవసరమైనవారికి ఇస్తారు. కాని మత్తు ఆ రోజు నొప్పిని మాత్రమే తీరుస్తుంది. భయం నేర్చుకున్న పాఠం అలాగే ఉంటుంది.

జవాబు: ఈసీఐఎల్ అక్క

చెల్లీ, నీ రాత చదువుతుంటే ఎనిమిదేళ్ల క్రితపు నేనే కనబడ్డాను. నాకు కలయికలో మొదట ఇబ్బంది లేదు, కాన్పు తరువాత మొదలైంది. ఒక బోధనాసుపత్రిలో నొప్పులు పడుతున్నప్పుడు, ఒకరి తరువాత ఒకరు చేతులకు గ్లవుజులు తొడుక్కుని వచ్చి పీవీ చేశారు. ఎంతమందో లెక్కపెట్టలేదు, ఎవరూ తమ పేరు చెప్పలేదు, చేస్తున్నామని కూడా చెప్పలేదు. మామూలుగా సాగే కాన్పులో ఈ పరీక్ష నాలుగు గంటలకు ఒకసారి చేస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పిందని చాలా కాలం తరువాత తెలిసింది. బిడ్డ ఆరోగ్యంగా పుట్టింది కదా, ఇక బాధ దేనికని ఇంట్లో అందరూ అన్నారు. మా వారు దగ్గరకు వస్తే చాలు, ఆ గదిలోని ఫినాయిలు వాసన ముక్కుకు తగిలేది.

నాకు ఉపయోగపడినది చెబుతాను. నోటితో చెప్పలేనని తెలిసి, ఒక చీటీ రాసుకున్నాను. ‘నాకు కాన్పులో చేదు అనుభవం ఉంది. లోపలి పరీక్ష అంటే భయం. కలయికలో నొప్పి వస్తుంది. ప్రతి పని చేసే ముందు చెప్పండి. ఆపమంటే ఆపండి. గదిలో అవసరమైనవారు మాత్రమే ఉండాలి.’ ఆరు వాక్యాలు, అంతే. దానిని నాలుగు మడతలు పెట్టి ఫైలు పై కాగితానికి పిన్ను చేశాను. మొదట వెళ్లినచోట డాక్టరు చదివి పక్కన పెట్టారు, నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. రెండోచోట డాక్టరమ్మ చదివి, కుర్చీ నా వైపు తిప్పి, ‘ఈ రోజు పరీక్ష లేదు, మాట్లాడుకుందాం’ అన్నారు. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు కాన్పు గదిలో ఏడవవలసినది.

తరువాత మూడో సందర్శనలో స్కాన్ జరిగింది. ప్రోబును నా చేతికే ఇచ్చి, జెల్లీ ఎక్కువ రాసి, నీ వీలును బట్టి నువ్వే పెట్టుకో, తరువాత నేను పట్టుకుంటానన్నారు. ఊపిరి బయటికి వదులుతూ, కొంచెం దగ్గినట్టు చేస్తూ పెట్టుకున్నాను. ఒత్తిడి తెలిసింది, కోత మాత్రం లేదు. అదే ప్రోబు, అదే శరీరం. ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు ఆయుధంలా కనిపించినది, నా చేతిలోకి వచ్చేసరికి ఒక పరికరం అయింది.

మీ అత్తగారిని ఈసారి వెంట తీసుకువెళ్లకు. ఆమె మీద కోపంతో ఈ మాట చెప్పడం లేదు. ఆమె పక్కన ఉంటే నువ్వు నిజం చెప్పవు, అంతే.

జవాబు: క్లినికల్ సైకాలజిస్టు, తార్నాక

మీ ప్రశ్నలో మానసిక ఆరోగ్యానికి సంబంధించిన భాగాన్ని మాత్రమే తీసుకుంటాను. డాక్టరు గారు శరీరం గురించి చక్కగా చెప్పారు.

2001లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. వెజైనిస్మస్ ఉన్న స్త్రీలకూ, లేని స్త్రీలకూ రకరకాల సినిమా దృశ్యాలు చూపిస్తూ వారి కటి కండరాల కదలికను యంత్రంతో కొలిచారు. భయపెట్టే దృశ్యం రాగానే రెండు వర్గాల వారిలోనూ కటి కండరాలు బిగుసుకున్నాయి. వాటితోపాటు మెడకూ భుజానికీ మధ్య ఉండే కండరమూ బిగుసుకుంది. ఈ బిగుతు అందరు స్త్రీలలోనూ ఉండే ఆత్మరక్షణ చర్య అనీ, కొందరిలోనే ఉండే వింత లోపం కాదనీ దీనివల్ల తెలుస్తోంది. కాబట్టి మీ శరీరం తన పని తాను సక్రమంగా చేసింది, కాకపోతే ప్రమాదం లేని చోట ప్రమాదం ఉందనుకుంది. ఇంట్లో ఒక చిన్న సాధన చేయవచ్చు. భుజాలను చెవుల దాకా ఎత్తి, అయిదు అంకెలు లెక్కపెట్టి, ఒక్కసారిగా వదిలేయండి. దవడను కూడా వదులుగా ఉంచండి. ‘కింద వదులు చేయి’ అంటే చేయలేని మనిషి కూడా, భుజాన్ని వదలమంటే వదలగలదు.

ఆందోళన ఉన్నవారిలో మరో విషయం జరుగుతుంది. పరీక్ష గురించి తెలిసిన రోజు నుంచి మనసు దానిని వందసార్లు ముందుగానే అనుభవిస్తుంది. మీ అరచేతుల చెమట అదే. బల్ల ఎక్కేసరికి గుండె వేగం, కండరాల బిగుతు, ఊపిరి తీరు అప్పటికే మారిపోయి ఉంటాయి గనుక చిన్న స్పర్శ కూడా పెద్ద నొప్పిగా తెలుస్తుంది. గర్భాశయం లోపలికి చూసే హిస్టెరోస్కోపీ మత్తు లేకుండా చేయించుకున్న స్త్రీలలో, పరీక్షకు ముందు ఆందోళన ఎక్కువగా ఉన్నవారు ఎక్కువ నొప్పిని చెప్పడం పరిశోధకులు గమనించారు. దీనిని చూపి ‘భయపడ్డావు కాబట్టే నొప్పి’ అని స్త్రీనే తప్పుపట్టడం అన్యాయం. భయాన్ని తగ్గించడం వైద్యబృందం పనిలో భాగం.

అరవకుండా, కదలకుండా పడుకునే స్త్రీల గురించి కూడా ఇక్కడ చెప్పాలి. చిన్నతనంలోనో, పెళ్లిలోనో లైంగిక హింసను ఎదుర్కొన్నవారిలో కొందరు పరీక్ష బల్ల మీద పూర్తిగా నిశ్చలంగా ఉండిపోతారు. కళ్లు పైకప్పు మీద ఉంటాయి, పిలిస్తే వెంటనే పలకరు. సిస్టర్లు వారిని ‘మంచి పేషెంట్’ అంటారు. నిజానికి వారి మనసు ఆ గదిలోంచి వెళ్లిపోయి ఉంటుంది, ఇంటికి వెళ్లిన తరువాత రెండు మూడు రోజులు నిద్ర పట్టదు. నా దగ్గరకు వచ్చేవారిలో ఇలాంటివారు ఉన్నారు. మౌనాన్ని సమ్మతిగా తీసుకోకూడదని వైద్య విద్యార్థులకు నేను మాట్లాడే ప్రతి తరగతిలోనూ చెబుతాను.

మీరు వేసుకుంటున్న మాత్ర పేరు, మోతాదు తప్పకుండా గైనిక్ డాక్టరుకు చెప్పండి. ఆందోళనకూ, దిగులుకూ వాడే కొన్ని మందులు కోరికను తగ్గించవచ్చు, తడిని తగ్గించవచ్చు. కలయికలోని మంటకు అది కొంత దోహదం చేస్తూ ఉండవచ్చు. అలాగని మీరే మాత్ర ఆపేయకండి, అకస్మాత్తుగా ఆపితే దడ తిరిగి రావచ్చు. ఇద్దరు డాక్టర్లూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చేయండి. కొందరికి పరీక్ష రోజున ఆందోళన తగ్గించే మాత్ర ఒకటి రాస్తారు, అప్పుడు వెంట ఒక తోడు ఉండాలి. రాత్రివేళ దడ మొదలై ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే, 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ దొరుకుతుంది.

జవాబు: న్యాయవాది, నాంపల్లి

మత్తు ఇచ్చి పరీక్ష చేయించుకోవాలనుకుంటే సమ్మతి పత్రాన్ని చదవకుండా సంతకం పెట్టకండి. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరి 16న ఇచ్చిన తీర్పు నేరుగా ఈ విషయానికి వర్తిస్తుంది. కడుపులోకి సన్నని గొట్టం పంపి చూసే లాపరోస్కోపీ పరీక్ష కోసం మత్తులో ఉన్న స్త్రీకి, ఆమె తల్లి సంతకం తీసుకుని గర్భాశయం, అండాశయాలు తొలగించారు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి శస్త్రచికిత్సకు చెల్లదనీ, ప్రాణాపాయం లేనప్పుడు స్పృహ వచ్చాక ఆమెనే అడిగి ఉండవలసిందనీ, వయోజనురాలి తరఫున తల్లి సమ్మతి సరిపోదనీ కోర్టు చెప్పింది. అత్తగారి సంతకానికీ, భర్త సంతకానికీ ఇదే వర్తిస్తుంది.

పురుష వైద్యుడు పరీక్షించేటప్పుడు గదిలో మరో స్త్రీ ఉండాలని కోరే హక్కు, మీ వివరాలు గోప్యంగా ఉంచాలని కోరే హక్కు రోగుల హక్కుల పత్రంలో ఉన్నాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన ఆ పత్రాన్ని 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు పంపింది. ఆయా ఫైలు పట్టుకుని లోపలికి రావడం చిన్న విషయం కాదు, దానిని కూడా ఫిర్యాదులో రాయవచ్చు. ‘నాట్ కోఆపరేటివ్’ అన్న మాట పక్కన ‘నొప్పి వల్ల పరీక్ష పూర్తి కాలేదు’ అని చేర్చమని వారిని రాతపూర్వకంగా అడగండి. తరువాత చూసే డాక్టరు మొదట చదివేది ఆ వాక్యాన్నే.

జవాబు: సైనిక్‌పురి పెద్దమ్మ

తల్లీ, నాకు 58 ఏళ్లు. నీ వయసువారి సమస్య ఇదని అందరూ అనుకుంటారు, అందుకే రాస్తున్నాను. ముట్లు ఆగిన తరువాత లోపల పొడిబారి, పలచబడి, కలయిక మానేశాము. మావారికి చెప్పడానికే సిగ్గు, ఇక డాక్టరుకు ఏం చెబుతాను? గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పట్టే పాప్ స్మియర్ పరీక్షకు ఒకసారి వెళితే స్పెక్యులం పెట్టగానే రక్తం కనిపించింది. మళ్లీ తొమ్మిదేళ్లు ఏ పరీక్షకూ వెళ్లలేదు. ఈలోగా మా తోటికోడలికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికి ఆమెతో తిరిగినన్ని రోజులూ నా పరీక్ష నాకు గుర్తుకొచ్చేది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఈ క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరట. అందరికీ తీరిక లేకనే వెళ్లడం లేదని నేను అనుకోను.

చివరికి ఒక డాక్టరమ్మ యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము ఇచ్చి, కొన్ని వారాలు వాడిన తరువాత రమ్మన్నారు. చిన్న పరికరంతో, నొప్పి లేకుండా రెండు నిమిషాలలో అయిపోయింది. తొమ్మిదేళ్ల భయానికి ఒక క్రీము ట్యూబు సరిపోయింది. స్పెక్యులం వద్దనుకునేవారు తమంతట తామే నమూనా తీసుకుని ఇచ్చే హెచ్‌పీవీ పరీక్ష (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ కోసం చేసేది) కూడా ఉందనీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలలో దానిని ఒప్పుకుందనీ ఆవిడే చెప్పారు. మా కోడలికి అదే చేయించాము.

మీ అత్తగారి వయసు నా వయసే అయి ఉంటుంది. ఆవిడను కూడా ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు.

మల్కాజ్‌గిరి టీచర్ (పదకొండు రోజుల తరువాత)

అందరికీ నమస్కారాలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. ఈసీఐఎల్ అక్క చెప్పినట్టు చీటీ రాశాను. మొదటి ప్రతిలో ‘క్షమించండి’ అన్న మాట మూడుచోట్ల వచ్చింది. మా వారు చదివి, పెన్ను తీసుకుని మూడింటినీ కొట్టేశారు. ఈ విషయం మీద మేమిద్దరం కూర్చుని మాట్లాడుకోవడం ఏడాదిలో అదే మొదటిసారి. తాను నన్ను బాధపెడుతున్నానేమోనన్న భయంతోనే దూరంగా ఉంటున్నానని ఆయన చెప్పారు. నేనేమో ఆయనకు విసుగొచ్చిందనుకున్నాను.

ట్యూబ్ టెస్ట్ వాయిదా వేసుకున్నాము. మరో గైనిక్ డాక్టరు దగ్గరకు ఇద్దరమే వెళ్లాము. ఆమె చీటీ చదివి, తలుపు గడియ పెట్టి, ముందుగా మా ఇద్దరినీ కలిపి, తరువాత నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడిగారు. మాత్ర పేరు రాసుకున్నారు. పైపైన చూసి, దూదిపుల్లతో తాకి, ద్వారం దగ్గర కింది భాగంలో ఒక చోట మాత్రమే మంట ఉందనీ, కన్నెపొరలో అడ్డేమీ లేదనీ చెప్పారు. చేయి ఎత్తితే ఆపుతానన్నారు. ఒకసారి ఎత్తి చూశాను, నిజంగానే ఆపారు. పెద్దగా నొప్పి లేకపోయినా ఎత్తాను, ఆపుతారో లేదో తెలుసుకోవాలనిపించింది.

ఫిజియోథెరపీ ఈ శనివారం మొదలవుతుంది. పాత కేంద్రానికి ఫైలు గురించి ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అత్తగారికి ఇంకా ఏమీ చెప్పలేదు. ఈ ఆదివారం పెద్దమ్మ గారి జవాబు మాత్రం ఆవిడకు చదివి వినిపించాను, ఎవరు రాశారో చెప్పకుండా. చివరిదాకా విని, ఆ క్రీము పేరేమిటని అడిగారు.